డెట్రాయిట్ డౌన్‌టౌన్: లాభం ఎవరిది, పూచీ ఎవరిది

2013 జులై 18న డెట్రాయిట్ నగరం దివాలా కోర్టుకెక్కింది. బాండ్లు, పింఛన్లు, విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య ఖర్చులు అన్నీ కలిపి సుమారు 1,800 కోట్ల డాలర్ల భారం. అమెరికాలో అంతకుముందు ఏ నగరమూ అంత మొత్తానికి చేతులెత్తేయలేదు. ఆ తర్వాత వారం తిరగకముందే, మిషిగన్ రాష్ట్రానికి చెందిన ఒక ఆర్థిక సంస్థ అదే నగరం నడిబొడ్డున కొత్త ఐస్ హాకీ స్టేడియం (అరీనా) కట్టడానికి 45 కోట్ల డాలర్ల బాండ్ల పథకాన్ని ఆమోదించింది. పింఛన్లు చెల్లించలేని ఊరికి ఆటలకు డబ్బెక్కడిదని చాలామంది నిలదీశారు. అధికారులు చెప్పిన జవాబు చట్టప్రకారం తప్పేమీ కాదు: ఆ సొమ్ము నగర ఖజానాకు చేరేది కాదు, దారిలోనే ఒక ప్రత్యేక సంస్థకు మళ్లిపోయేది, దాన్ని పింఛన్లకు వాడే వీలే లేదు.

పన్ను సొమ్ము ఖజానాకు చేరకుండా దారిలోనే మళ్లడం ఎలా సాధ్యమో అర్థమైతే, డౌన్‌టౌన్ల పునరుద్ధరణలో ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం అనే మాటకు అర్థం సగం తెలిసినట్టే. ఈ విషయంపై వాదం సాధారణంగా ప్రభుత్వం మంచిదా, ప్రైవేటు మంచిదా అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. గత యాభై ఏళ్ల డెట్రాయిట్‌ను చూస్తే ఆ వాదంతో తేలేది తక్కువ. ప్రజల సొమ్ము ఏ దశలో చేతులు మారింది, మాట తప్పితే నష్టం ఎవరి మీద పడేలా ఒప్పందం రాసుకున్నారు అన్న రెండు సంగతులే ప్రతి ప్రాజెక్టులోనూ ఫలితాన్ని నిర్ణయించాయి.

1950లో డెట్రాయిట్ జనాభా పద్దెనిమిదిన్నర లక్షలు. 2010 నాటికి అది 7,13,777కు పడిపోయింది. కార్ల కర్మాగారాలు ఊరి బయటికీ, ఇతర రాష్ట్రాలకూ తరలాయి. ప్రభుత్వం వేసిన ఫ్రీవేలు శివార్లను దగ్గర చేశాయి. తెల్లజాతి కుటుంబాల వలస అప్పటికే మొదలైంది. 43 మంది ప్రాణాలు పోయిన 1967 అల్లర్ల తర్వాత అది మరింత ముమ్మరమైంది. ఇళ్లు వెళ్లిన దారినే దుకాణాలు, వాటి వెనకే ఆఫీసులు వెళ్లాయి. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన డిపార్ట్‌మెంటల్ స్టోర్‌గా పేరుపడ్డ హడ్సన్స్ 1983లో మూతపడింది, 1998లో ఆ భవనాన్ని పేలుడు పదార్థాలతో కూల్చేశారు. మిషిగన్‌లోని తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడ్డ ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్ లాంటి పట్టణాలు ఈ వలసతో పెరిగిన శివార్లే.

ఇలా ఖాళీ అయిన డౌన్‌టౌన్‌లో ధరలు పడిపోతే పెట్టుబడిదారులు తమంతట తామే వచ్చి చవగ్గా కొనుక్కుని కట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కొనడం వరకూ అది నిజమే, చాలామంది కొన్నారు కూడా. చిక్కు కట్టడం దగ్గర వస్తుంది. ఉక్కు, కాంక్రీటు, లిఫ్టులు, నిపుణులైన పనివాళ్ల కూలి డెట్రాయిట్‌లోనూ షికాగోలోనూ దాదాపు ఒకటే, అద్దెలు మాత్రం అక్కడి కన్నా ఎంతో తక్కువ. కట్టడానికయ్యే ఖర్చు కన్నా కట్టిన భవనం విలువ తక్కువగా తేలే చోట ఏ బ్యాంకూ అప్పివ్వదు. దీనికి తోడు డెట్రాయిట్ ఆస్తి పన్ను రేట్లు అమెరికా పెద్ద నగరాల్లోకెల్లా అత్యధికమైన వాటిలో ఒకటి. జనం తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల మీద పన్ను పెరిగింది, పన్ను పెరిగేకొద్దీ మరింతమంది వెళ్లిపోయారు. ఖర్చుకూ విలువకూ మధ్య ఉన్న ఈ లోటును ఎవరో ఒకరు పూడిస్తే తప్ప క్రేన్ లేవదు. భాగస్వామ్యం పేరుతో జరిగే బేరమంతా ఈ లోటు పరిమాణం గురించే. ఆ లెక్క వేసి చూపించేది సాధారణంగా బిల్డరే కాబట్టి, లోటు ఎప్పుడూ పెద్దదిగానే కనబడుతుంది.

మొదటి పెద్ద ప్రయత్నం ప్రధానంగా ప్రైవేటు చొరవతోనే జరిగింది. 1971లో రెండో హెన్రీ ఫోర్డ్ నది ఒడ్డున రినైసాన్స్ సెంటర్ కడతామని ప్రకటించి, తన పలుకుబడితో డజన్ల కొద్దీ కంపెనీల చేత పెట్టుబడి పెట్టించాడు. సుమారు 35 కోట్ల డాలర్లతో, జాన్ పోర్ట్‌మన్ రూపకల్పనలో 73 అంతస్తుల హోటలూ దాని చుట్టూ ఆఫీసు టవర్లూ 1977లో తెరుచుకున్నాయి. అయితే ఆ సముదాయానికీ ఊరికీ మధ్య, జెఫర్సన్ అవెన్యూ పక్కన, యంత్రాలను దాచిన ఎత్తైన కాంక్రీటు దిమ్మెలు కోటగోడల్లా నిలబడ్డాయి. లోపలికి వచ్చినవాళ్లు కారులో వచ్చి కారులోనే వెళ్లేవారు, బయటి వీధికి కొత్తగా ఒక్క దుకాణమైనా రాలేదు సరికదా, పాత భవనాల్లోని అద్దెదారులు కొందరు కొత్త టవర్లలోకి మారడంతో అవి ఇంకా ఖాళీ అయ్యాయి. కొన్నేళ్లకే యజమానులు అప్పు వాయిదాలు కట్టలేని స్థితికి వచ్చారు. చివరికి 1996లో జనరల్ మోటార్స్ ఆ సముదాయాన్ని కట్టిన ఖర్చులో సుమారు ఐదో వంతు ధరకు కొనుక్కుని, తర్వాతి సంవత్సరాల్లో ఆ దిమ్మెలను తొలగించింది. ఒక్క భవనం ఎంత పెద్దదైనా, దాని చుట్టూ ఉన్న వీధిని పట్టించుకునే బాధ్యత ఎవరికీ అప్పజెప్పకపోతే డౌన్‌టౌన్ బాగుపడదని ఇరవై ఏళ్లు పట్టి తెలిసింది.

పెరిగిన పన్ను ఎటు పోతుంది

డౌన్‌టౌన్ మొత్తాన్ని పట్టించుకునే సంస్థల కోసం మిషిగన్ శాసనసభ అంతకుముందే, 1975లో, ఒక చట్టం చేసింది. దాని కింద 1976లో డెట్రాయిట్ డౌన్‌టౌన్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. దీనికున్న ప్రధాన ఆయుధం అమెరికాలో టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్ అని పిలిచే పద్ధతి. పేరు భయపెట్టినా లెక్క తేలికే. ఒక ప్రాంతానికి హద్దులు గీసి, ఆ రోజున అక్కడి ఆస్తుల మొత్తం పన్ను విలువను పునాదిగా స్థిరపరుస్తారు. ఆ విలువ 100 కోట్లనుకుందాం. ఇకనుంచి నగరానికీ, కౌంటీకీ, బడులకూ, గ్రంథాలయాలకూ ఆ 100 కోట్ల మీది పన్నే చేరుతుంది. పదేళ్లలో విలువ 250 కోట్లకు పెరిగితే, పెరిగిన 150 కోట్ల మీది పన్ను అథారిటీ చేతికి వస్తుంది. అథారిటీ ఆ రాబోయే ఆదాయాన్ని చూపించి ముందే బాండ్లు అమ్ముకోవచ్చు, ఆ సొమ్మును ప్రాజెక్టులకు పెట్టవచ్చు. ప్రాజెక్టు వల్లే విలువ పెరిగింది కాబట్టి పెరుగుదల ప్రాజెక్టుకే చెందడం న్యాయమన్నది దీని వెనకున్న తర్కం.

ఆ తర్కం ఒక ఊహ మీద నిలబడి ఉంది: ప్రాజెక్టు లేకపోతే విలువ పెరిగేదే కాదన్న ఊహ. ద్రవ్యోల్బణం వల్ల సహజంగా వచ్చిన పెరుగుదల, ఎలాగూ వచ్చి కట్టుకునేవాడి వల్ల వచ్చిన పెరుగుదల కూడా అథారిటీ ఖాతాలోకే పోతాయి. కట్టకపోతే ఏమయ్యేదో చూపించే రెండో డెట్రాయిట్ లేదు కాబట్టి ఈ ఊహను ఎవరూ రుజువు చేయలేరు, ఎవరూ కొట్టిపారేయలేరు. అందుకే ఇది రాజకీయంగా ఎంతో సుఖమైన పద్ధతి. బడ్జెట్లో ఖర్చుగా కనబడదు, కొత్త పన్ను వేసినట్టూ ఉండదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ భాగస్వామ్యం అనగానే గుర్తొచ్చేది హైదరాబాద్ మెట్రో. అక్కడి నమూనా వేరు. ప్రైవేటు సంస్థ తన పెట్టుబడితో కట్టి, 35 ఏళ్ల పాటు నడుపుకుని, టికెట్లమీదా స్టేషన్ల దగ్గరి స్థలాల అభివృద్ధి మీదా సంపాదించుకుని తిరిగి అప్పగించాలి. లాభసాటి కాదనిపించే మేరకు కేంద్రం 1,458 కోట్ల రూపాయల లోటు భర్తీ నిధిని మంజూరు చేసింది. డెట్రాయిట్‌లో అప్పగింత గొడవ లేదు, బిల్డరు కట్టిన టవరు బిల్డరుదే, ప్రభుత్వం వదులుకునేది రాబోయే పన్ను. దారులు వేరైనా రెండూ ఒకచోట కలుస్తాయి. ఆశించిన ఆదాయం రానప్పుడు ప్రైవేటు భాగస్వామి బయటికి నడిచి వెళ్లగలడు, ఊరు వెళ్లలేదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం మెట్రో తొలి దశను అప్పులతో సహా తన చేతుల్లోకి తీసుకోవడానికి అంగీకరించింది ఇందుకే.

అరీనా ఒప్పందం

ఇప్పుడు 2013 నాటి అరీనా సంగతికి వస్తే, దానికి పునాది అంతకు కొన్ని నెలల ముందే పడింది. 2012 డిసెంబరులో రాష్ట్ర శాసనసభ చట్టాన్ని సవరించి, డౌన్‌టౌన్ అథారిటీ తన మళ్లింపు ఆదాయాన్ని ఇలాంటి పెద్ద ప్రాజెక్టుకు వాడుకునే వీలు కల్పించింది. ఆ ఆదాయంలో రాష్ట్రవ్యాప్తంగా బడుల కోసం వసూలయ్యే పన్ను వాటా కూడా ఉంది. డెట్రాయిట్ బడులకు కలిగే నష్టాన్ని రాష్ట్ర విద్యానిధి పూడుస్తుంది గనక పిల్లలకు నష్టమేమీ లేదన్నారు. నష్టం మాయమైపోలేదు, మిషిగన్‌లో పన్ను కట్టే అందరి మీదా పలచగా పరుచుకుంది. నోవైలో ఇల్లు కొనుక్కున్న తెలుగు ఇంజనీరు కూడా తనకు తెలియకుండానే ఈ అరీనాలో చిన్న భాగస్వామి అయ్యాడన్నమాట.

లిటిల్ సీజర్స్ పిజ్జా సంస్థ, రెడ్ వింగ్స్ హాకీ జట్టు ఇలిచ్ కుటుంబానివి. వాళ్ల ఒలింపియా సంస్థే అరీనాకు ప్రైవేటు భాగస్వామి. మొదట 45 కోట్ల డాలర్లనుకున్న ఖర్చు, బాస్కెట్‌బాల్ జట్టు పిస్టన్స్ కూడా శివార్ల నుంచి అక్కడికి మారడంతో సహా రకరకాల కారణాల వల్ల పెరిగి, 2017 సెప్టెంబరులో అరీనా తెరిచేనాటికి 86 కోట్ల 30 లక్షలకు చేరింది. ఇందులో ప్రజల వాటా 32 కోట్ల 40 లక్షలు. పెరిగిన ఖర్చులో ఎక్కువ భాగాన్ని ప్రైవేటు పక్షమే భరించిందన్న సంగతి విమర్శకులు కూడా ఒప్పుకోవాలి. అరీనా కాగితాల మీద డౌన్‌టౌన్ అథారిటీ ఆస్తి. దాన్ని 35 ఏళ్లకూ, పొడిగింపులన్నీ వాడుకుంటే 95 ఏళ్లకూ ఒలింపియాకు లీజుకిచ్చారు. టికెట్లు, పార్కింగు, తినుబండారాలు, పేరు పెట్టుకునే హక్కు, వీటన్నిటి ఆదాయమూ ఒలింపియాదే. యజమాని అథారిటీ కావడంతో ఆస్తి పన్ను భారం కూడా ఆ మేరకు తగ్గింది.

ఇంత ఉదారంగా ఇవ్వడానికి చెప్పిన కారణం అరీనా కాదు, అరీనా చుట్టూ రాబోయే పేట. 2014లో ఒలింపియా ‘డిస్ట్రిక్ట్ డెట్రాయిట్’ పేరుతో దాదాపు 50 బ్లాకుల్లో ఐదు కొత్త పేటలు వస్తాయని రంగురంగుల బొమ్మలు విడుదల చేసింది. ఆ బొమ్మల్లో చెట్ల నీడన కాఫీ తాగుతున్న జనం, పై అంతస్తుల్లో ఇళ్లు, కింద దుకాణాలు ఉన్నాయి. అరీనా తెరిచి ఏళ్లు గడిచినా ఆ స్థలాల్లో అధికభాగం పార్కింగు మైదానాలుగానే మిగిలాయి. మ్యాచ్ ఉన్న రోజున ఒక్కో కారుకు వసూలయ్యే రుసుము చూస్తే, యజమానికి అక్కడ ఇళ్లు కట్టాల్సిన తొందరేమీ లేదని తెలుస్తుంది. అక్కడి పాత ఎడిస్టోన్ హోటల్‌ను బాగుచేసి, కొన్ని ఇళ్లను తక్కువ ఆదాయంవారికి అందుబాటు అద్దెకివ్వాలన్న షరతు ఒకటుంది. దాని గడువు దాటిపోయి, అరీనా తెరిచిన కొన్నేళ్లకు గాని అది పూర్తి కాలేదు. పక్కనున్న పార్క్ అవెన్యూ హోటల్‌ను మాత్రం 2015లోనే కూల్చేశారు, అరీనాకు సరుకు దించుకునే చోటు కావాల్సి వచ్చి.

ఇక్కడ ఒలింపియాను తిట్టుకోవడం తేలిక. కానీ ఒప్పందం చదివినవారికి కనబడే అసలు లోపం ఇంకోటి. చుట్టుపక్కల ఐదేళ్లలో కనీసం 20 కోట్ల డాలర్ల అభివృద్ధి చేయాలని అందులో షరతు ఉంది. అభివృద్ధి అంటే ఏమిటన్నదానికి ఇచ్చిన నిర్వచనం మాత్రం ఎంత విశాలంగా ఉందంటే, పార్కింగు భవనాలూ సొంత కంపెనీ ప్రధాన కార్యాలయ విస్తరణా కూడా అందులో చేరిపోయాయి. బొమ్మల్లో చూపించిన ఇళ్లు ఒప్పందంలో షరతు కాలేదు. పైగా ప్రజల సొమ్ము బాండ్ల రూపంలో ముందే చెల్లిపోయింది, ఇచ్చేసినదాన్ని ఆపుతామని బెదిరించడానికి నగరం చేతిలో ఏమీ మిగల్లేదు. క్రీడా మైదానాలకు ప్రజల సొమ్ము పెడితే ఆ పెట్టుబడి పన్నుల రూపంలో తిరిగి రాదని ఆర్థికవేత్తలు దాదాపు ఏకాభిప్రాయంతో చెబుతూ వస్తున్నారు. శివార్లలో సినిమాకో భోజనానికో ఖర్చయ్యే డబ్బే ఇప్పుడు హాకీకి ఖర్చవుతుంది, మొత్తం ఖర్చు పెద్దగా పెరగదు. డెట్రాయిట్ నగరానికి శివారు డబ్బు నగరంలోకి రావడమే లాభమని ఒక సమాధానం ఉంది, అందులో కొంత పస కూడా ఉంది. ఆ లాభాన్ని తీసుకునేది ఎవరన్నది మాత్రం లీజు కాగితమే చెబుతోంది.

కట్టాక ఇచ్చే పద్ధతి

డెట్రాయిట్ డౌన్‌టౌన్ రూపం మార్చింది అరీనా కన్నా డాన్ గిల్బర్ట్. 2010లో ఆయన ఇంటి రుణాలిచ్చే తన క్వికెన్ లోన్స్ సంస్థను లివోనియా శివారు నుంచి, మొదట 1,700 మంది ఉద్యోగులతో, క్యాంపస్ మార్షియస్ పార్కు పక్కకు తరలించాడు. ఆ తర్వాత బెడ్‌రాక్ అనే స్థిరాస్తి సంస్థ పెట్టి, ఖాళీగా పడివున్న పాత ఆకాశహర్మ్యాలను ఒకదాని వెంట ఒకటి కొన్నాడు. కొన్నేళ్లలో ఆయన చేతిలోని ఆస్తులు వంద దాటాయి. తన ఉద్యోగులే తన భవనాలకు అద్దెదారులు కావడం ఈ పథకంలోని తెలివి. మిగతా బిల్డర్లకు బ్యాంకులు వేసే మొదటి ప్రశ్న, అద్దెకు ఎవరొస్తారన్నది, ఆయనకు ఎదురుకాలేదు.

పాత భవనాలు అయిపోయి కొత్తవి కట్టాల్సి వచ్చేసరికి లోటు లెక్క మళ్లీ ముందుకొచ్చింది. 2017లో మిషిగన్ రాష్ట్రం మరో చట్టం చేసింది. ఆరు లక్షలకు పైగా జనాభా ఉన్న నగరంలో, అంటే ఆచరణలో ఒక్క డెట్రాయిట్‌లో, 50 కోట్ల డాలర్లకు తగ్గకుండా పెట్టుబడి పెట్టే ప్రాజెక్టు ఆస్తి పన్ను పెరుగుదలనే కాక, ఆ భవనాల్లో పనిచేసేవారూ నివసించేవారూ రాష్ట్రానికి కట్టే ఆదాయపు పన్నులో కొంత భాగాన్నీ, నిర్మాణ సమయంలోని పన్నుల్నీ కూడా తన ఖర్చులకు మళ్లించుకోవచ్చు. బెడ్‌రాక్ దీని కింద నాలుగు ప్రాజెక్టులు పెట్టింది: హడ్సన్స్ ఖాళీ స్థలంలో టవరు, మన్రో బ్లాకులు, పాత బుక్ టవర్ పునరుద్ధరణ, క్యాంపస్ మార్షియస్ పక్క భవనం విస్తరణ. మొత్తం పెట్టుబడి 210 కోట్ల డాలర్లు, దశాబ్దాల మీద మళ్లింపు 61 కోట్ల 80 లక్షలు. 2018లో రాష్ట్రం దీనికి తుది ఆమోదం ఇచ్చింది.

మొత్తం చూసి ఉలిక్కిపడే ముందు అరీనాతో దీనికున్న తేడా గమనించాలి. ఇక్కడ ప్రభుత్వం ముందుగా బాండ్లమ్మి చేతికివ్వలేదు. అప్పు తెచ్చుకునేది బిల్డరు, భవనం లేస్తే పుట్టే పన్నులోంచి ఏటా కొంత తిరిగి తీసుకునేదీ బిల్డరే. అద్దెదారులు రాకపోతే మళ్లించుకోవడానికి పన్నూ ఉండదు. మన్రో బ్లాకుల పని ఏళ్ల తరబడి ముందుకు సాగనప్పుడు, లేవని భవనాల పేరుతో మళ్లించుకోవడానికి పెరిగిన పన్నూ లేకపోయింది. బుక్ టవర్ మాత్రం 30 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో, పాత చెక్కడాలూ గాజు గోపురమూ తిరిగి మెరిసేలా తయారై 2023లో తెరుచుకుంది. ఏ దేశంలో చూసినా గొప్ప పునరుద్ధరణల్లో ఒకటిగా దాన్ని చెప్పుకోవచ్చునని నా అభిప్రాయం. అద్దెలు మాత్రం ఆ ఊళ్లో సగటు మనిషికి అందేవి కావు.

అయితే ఈ పద్ధతి కూడా బిగువుగా ఉండలేకపోయింది. 2017 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన హడ్సన్స్ టవరు నమూనా, ఎత్తు, అందులో ఏముంటుందన్న వివరాలు చాలాసార్లు మారాయి. ఒక దశలో 912 అడుగులన్నారు, చివరికి 681 దగ్గర ఆగింది. ఖర్చు మాత్రం పైకే వెళ్లింది. 2022లో బెడ్‌రాక్, అంతకుముందు దొరికినవాటికి అదనంగా, దాదాపు 6 కోట్ల డాలర్ల ఆస్తి పన్ను మినహాయింపు అడిగింది. నగర పాలక మండలిలో వాదోపవాదాల తర్వాత మంజూరైంది. అప్పటికే ఊరి ప్రధాన వీధిలో సగం లేచిన ఉక్కు చట్రం నిలబడి ఉంది. దాన్ని అలా వదిలేసే ధైర్యం ఏ నాయకుడికీ ఉండదు. నష్టభయం బిల్డరు మీదే ఉందని కాగితం చెప్పినా, పని సగంలో ఉన్నప్పుడు బేరం మళ్లీ తెరుచుకుంటుందన్నది ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే.

చిన్న ఒప్పందాలు, మూడో భాగస్వామి

వందల కోట్ల టవర్ల మధ్య మరుగున పడిపోయే మాట ఒకటుంది. గిల్బర్ట్ రాకకు ఆరేళ్ల ముందే, 2004లో, క్యాంపస్ మార్షియస్ పార్కు తెరుచుకుంది. నగరం 300 ఏళ్ల పండుగకు కానుకగా దాతల విరాళాలతో దాన్ని కట్టారు. స్థలం నగరానిది, నిర్వహణ లాభాపేక్ష లేని సంస్థది. వేసవిలో ఇసుక పరిచి బీచ్ చేస్తారు, చలికాలంలో మంచు మీద స్కేటింగ్ ఉంటుంది, రోజూ ఊడుస్తారు, కుర్చీలు కదుపుకునేలా వదిలేస్తారు. 2024 ఏప్రిల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల ఎంపిక వేడుకకు రికార్డు స్థాయిలో 7,75,000 మంది హాజరైనట్టు లెక్క తేలినప్పుడు, ఆ జనమంతా చేరింది ఈ పార్కు చుట్టుపక్కలే. ఆఫీసులను లోపలికి లాగడంలో దీని పాత్ర ఏ టవరుకూ తీసిపోదు. టవర్ల ఖర్చులో పదో వంతు కూడా కాని ఈ పనికి ప్రతిఫలం ఎక్కువ రావడానికి కారణం, రోజువారీ నిర్వహణకు ఒక బాధ్యుడు ఉండడం. 2014లో డౌన్‌టౌన్ ఆస్తి యజమానులు ఓటు వేసి తమమీద తామే అదనపు రుసుము విధించుకున్నారు. శుభ్రత, మంచు తొలగింపు, వీధి కాపలా వంటివి ఆ సొమ్ముతో నడుస్తాయి. కడుతున్నది లాభపడేవాళ్లే కాబట్టి దీని మీద గొడవలు తక్కువ.

డబ్బిచ్చినవాడే దారి గీస్తాడన్నదానికి వుడ్‌వర్డ్ అవెన్యూ ట్రామ్ ఉదాహరణ. నగరం మొదట అనుకున్నది ఊరి ఉత్తర సరిహద్దైన ఎయిట్ మైల్ రోడ్డు వరకు, తొమ్మిది మైళ్లకు పైగా, రోడ్డు మధ్యలో నడిచే రైలు. పేదలు ఉద్యోగాలకు పోవడానికి పనికొచ్చేది అదే. 2011 చివర్లో ఆ పథకం రద్దయింది. కంపెనీలూ ఫౌండేషన్లూ ప్రధానంగా తమ విరాళాలతో కట్టించుకున్న 3.3 మైళ్ల ముక్క మాత్రం 2017 మే నెలలో క్యూలైన్ పేరుతో మొదలైంది. అది డౌన్‌టౌన్‌నూ, ఆసుపత్రులూ మ్యూజియమూ ఉన్న మధ్య నగరాన్నీ కలుపుతుంది. ఎక్కువ దూరం రోడ్డు అంచున, కార్లతో కలిసి నడుస్తుంది కాబట్టి, ఎవరైనా కారు అడ్డంగా ఆపితే ట్రామ్ కూడా ఆగాల్సిందే. నిర్వహణ భారం క్రమంగా రాష్ట్ర గ్రాంట్ల మీద పడి, 2024లో ప్రభుత్వ రవాణా సంస్థ చేతికి వచ్చింది. కట్టింది ప్రైవేటు, ఏటేటా మోయాల్సింది ప్రభుత్వం.

ఫౌండేషన్లు డెట్రాయిట్‌లో నిజంగా మూడో భాగస్వాములు. దివాలా సమయంలో కళా మ్యూజియంలోని చిత్రాలను వేలం వేయకుండా, పింఛన్ల కోత తగ్గేలా, ఫౌండేషన్లూ రాష్ట్రమూ మ్యూజియం దాతలూ కలిసి 81 కోట్ల 60 లక్షల డాలర్లు సమకూర్చారు. నగరం 2014 డిసెంబరులోనే దివాలా నుంచి బయటపడడానికి ఈ ఒప్పందమే ముఖ్య కారణం. అయితే దానధర్మాలతో, ప్రభుత్వ గ్రాంట్లతో నడిచే సంస్థ ప్రభుత్వ శాఖా కాదు, వాటాదారులు లెక్క అడిగే కంపెనీ కూడా కాదు. 2003లో ఏర్పడి నది ఒడ్డున అద్భుతమైన నడకదారిని తయారుచేసిన రివర్‌ఫ్రంట్ కన్సర్వెన్సీలో, ఆర్థిక విభాగాధిపతి ఏళ్ల తరబడి 4 కోట్ల డాలర్లకు పైగా కాజేసిన సంగతి 2024లో బయటపడింది. నేరం ఒప్పుకున్నాక 2025లో ఆయనకు 19 ఏళ్ల జైలుశిక్ష పడింది. ప్రజల స్థలంలో ప్రజల డబ్బు ఖర్చుపెట్టే సంస్థ లెక్కలను ఎవరు తనిఖీ చేయాలన్న ప్రశ్నకు ఒప్పందాలు రాసినప్పుడు ఎవరూ గట్టిగా జవాబు చెప్పుకోలేదు.

ఊరి జనం ఊరుకోలేదు. అరీనా అనుభవం తర్వాత 2016 నవంబరులో రెండు ప్రతిపాదనలు బ్యాలెట్ మీదికి వచ్చాయి. రాయితీ పొందే బిల్డరు స్థానిక సంఘాలతో చట్టబద్ధమైన ఒప్పందం చేసుకోవాలన్నది ఓడిపోయింది. మెతకదైన రెండోది గెలిచింది. 7 కోట్ల 50 లక్షల డాలర్లకు మించిన పెట్టుబడితో, 10 లక్షల డాలర్లకు పైగా ప్రజల సొమ్ము రాయితీగా పొందే ప్రాజెక్టు తొమ్మిదిమంది ఇరుగుపొరుగు సభ్యుల సలహా మండలి ముందుకు రావాలని అది చెబుతుంది. మండలి అడగగలదు, కాదనలేదు. ప్రజల సొమ్ము తీసుకునే పనుల్లో 51 శాతం పనిగంటలు డెట్రాయిట్ వాసులకే ఇవ్వాలన్న నగర నిబంధనకు కాస్త పదునుంది. అరీనా కట్టిన కాంట్రాక్టర్లు ఆ లక్ష్యం చేరలేక జరిమానాలు కట్టారు, ఆ డబ్బు నైపుణ్య శిక్షణకు వెళ్లింది.

డౌన్‌టౌన్‌కు ఇచ్చిన రాయితీల మీద ఉన్న కోపం వెనక ఇంకో లెక్క ఉంది. మిషిగన్ రాజ్యాంగం ప్రకారం ఆస్తిని మార్కెట్ విలువలో సగానికి మించి పన్నుకు మదింపు చేయకూడదు. ఇళ్ల ధరలు కుప్పకూలిన తర్వాత కూడా డెట్రాయిట్ పాత మదింపులను సవరించలేదు. డెట్రాయిట్ న్యూస్ పత్రిక 2020లో వేసిన లెక్క ప్రకారం, 2010 నుంచి 2016 వరకు ఇళ్ల యజమానుల నుంచి కనీసం 60 కోట్ల డాలర్లు ఎక్కువగా వసూలైంది. ఆ పన్ను కట్టలేక వేలమంది ఇళ్లు పోగొట్టుకున్నారు. బెడ్‌రాక్‌కు ఇచ్చిన మళ్లింపు, ఇళ్లవాళ్ల నుంచి అన్యాయంగా పిండిన సొమ్ము దాదాపు సమానం కావడం యాదృచ్ఛికమే, కానీ ఆ రెండు అంకెలూ ఒకే ఊరివి.

ఇంత జరిగినా, నగరం వెనక్కి పొందిన ఆదాయంలో ఒకటి చెప్పుకోదగినది. డెట్రాయిట్‌లో ఉద్యోగం చేసే శివారు వాసులు తమ ఆదాయం మీద నగరానికి 1.2 శాతం పన్ను కడతారు, నగరంలో ఉండేవారికి అది 2.4 శాతం. శివార్ల నుంచి రోజూ డౌన్‌టౌన్ ఆఫీసుకు వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వాళ్లలో తెలుగువాళ్లు కూడా, అరీనాలో ఒక్క ఆటా చూడకపోయినా ప్రతి జీతంలోనూ ఈ నగరానికి వాటా ఇస్తారు. 2020లో కరోనాతో ఇంటి నుంచి పని మొదలయ్యాక, శివారులో కూర్చుని చేసిన రోజులకు ఈ పన్ను వర్తించదు గనక, ఆదాయానికి గండి పడింది. ఆఫీసు టవర్ల మీద ఆధారపడ్డ ప్రతి లెక్కనూ అది తిరగరాసింది. మరోవైపు, 2023లో డెట్రాయిట్ జనాభా 1957 తర్వాత మొదటిసారి పెరిగిందని జనగణన సంస్థ అంచనా వేసింది. ఖాళీ స్థలాన్ని పార్కింగుగా ఉంచుకునేవారి మీద పన్ను పెంచి ఇళ్ల మీద తగ్గిద్దామని ఆ ఏడే మేయర్ మైక్ డగ్గన్ ప్రతిపాదిస్తే, రాష్ట్ర శాసనసభలో దానికి తగినన్ని ఓట్లు రాలేదు. డౌన్‌టౌన్ చుట్టూ ఉన్న పార్కింగు మైదానాలకు రాయితీల కన్నా బాగా పనిచేసే మందు అదేనని నేననుకుంటాను.

తదుపరి పరీక్ష నది ఒడ్డునే ఉంది. 2024 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ తన ప్రధాన కార్యాలయాన్ని రినైసాన్స్ సెంటర్ నుంచి కొత్త హడ్సన్స్ భవనానికి మారుస్తామని ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో, ఐదు టవర్లలో రెండింటిని కూల్చి, మిగిలినవాటిని ఇళ్లూ హోటలుగా మార్చి, నది వైపు దారి తెరిచే 160 కోట్ల డాలర్ల పథకాన్ని జనరల్ మోటార్స్, బెడ్‌రాక్ కలిసి బయటపెట్టాయి. అందులో 25 కోట్ల డాలర్లు ప్రజల వాటాగా కావాలని అడిగాయి, లేదంటే మొత్తం కూల్చేయాల్సి రావచ్చన్న సూచనతో సహా. ఆ 25 కోట్లు కూల్చివేతకు ముందుగా ఇచ్చే సొమ్మా, కట్టాక పుట్టే పన్నులోంచి వచ్చేదా, నది ఒడ్డు దారి పూర్తి కాకపోతే తిరిగి రాబట్టుకునే షరతు ఏ పేజీలో ఉంటుంది అన్న బేరం శాసనసభ్యుల ముందు అప్పుడే మొదలైంది.